పన్నెండు నెలల కాపురం

చెన్నమనేని రమేష్ పేరు కనపడగానే ఇది రాజకీయాల గోల అనుకుని పక్క టపాకు పోకండి. ఆయన ఏ పార్టీలో ఉన్నారు, ఏ పార్టీ నుంచి ఏ పార్టీకి దూకారు అన్నది నాకిక్కడ అక్కర్లేదు. నాకు కావలసింది ఆయన్ని పదిహేనేళ్ళపాటు కోర్టుల చుట్టూ తిప్పిన ఒకే ఒక్క రూలు. ఎందుకంటే అదే రూలు, దాదాపు అదే మాటలతో, విదేశీయుల్ని పెళ్లి చేసుకున్న మనవాళ్ళందరి నెత్తినా కూర్చుని ఉంది. ఆ సంగతి పెళ్లి చేసుకునేటప్పుడు ఎవరికీ తెలియదు. ఆన్‌సైట్లో ప్రేమలో పడేటప్పుడు చట్టం చదివేవాడు ఎవడుంటాడు చెప్పండి :-)

కేసు తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో. సిరిసిల్ల నుంచి పలుమార్లు ఎమ్మెల్యేగా గెలిచిన రాజేశ్వరరావు గారి కొడుకు రమేష్. జర్మనీ వెళ్ళి, 1993లో అక్కడి పౌరసత్వం తీసుకున్నారు. తీసుకున్న రోజే మన పౌరసత్వం పోయింది. పౌరసత్వ చట్టం సెక్షన్ 9 అదే చెబుతుంది, దానికి ఎవరూ ఉత్తర్వు ఇవ్వక్కర్లేదు, దానంతటదే పోతుంది. 2008 మార్చిలో తిరిగి భారత పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నారు, 2009 ఫిబ్రవరిలో వచ్చింది, అదే ఏడాది కొత్తగా ఏర్పడ్డ వేములవాడ నియోజకవర్గం నుంచి గెలిచారు. ఓడిపోయిన ఆది శ్రీనివాస్ కేసు వేశారు. వాదన ఒకటే: దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇండియాలో ఉండాలని చట్టం అంటోంది, ఈయన ఆ కాలంలో విదేశాలకు వెళ్ళివచ్చారు, ఆ సంగతి దాచారు.

ఆ తర్వాత జరిగింది చూడండి. 2013లో హైకోర్టు ఎన్నిక చెల్లదంది. సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2016లో సుప్రీంకోర్టు, ముందు కేంద్ర హోం శాఖ తేల్చాలంది. 2017లో హోం శాఖ పౌరసత్వం రద్దు చేసింది. 2019 జూలైలో హైకోర్టు ఆ రద్దును కొట్టేసి, సెక్షన్ 10(3) ప్రకారం ఇతను పౌరుడిగా కొనసాగడం ప్రజాహితానికి విరుద్ధమా కాదా అన్నది కూడా చూసి మళ్ళీ తేల్చమంది. 2019 నవంబరులో హోం శాఖ మళ్ళీ రద్దు చేసింది. 2024 డిసెంబరు 9న తెలంగాణ హైకోర్టు ఆయన పిటిషన్ కొట్టేసి 30 లక్షల ఖర్చులు వేసింది. అందులో 25 లక్షలు ఆది శ్రీనివాస్‌కి. జర్మన్ పౌరసత్వం వదులుకున్నట్టు ఆయన కాగితం చూపించలేకపోయారన్నది కూడా తీర్పులో ఉంది. ఈలోగా ఆయన 2009, 2010, 2014, 2018లలో నాలుగుసార్లు గెలిచారు. తీర్పు వచ్చేనాటికి ఆయన ఎమ్మెల్యే కూడా కాదు, 2023లో గెలిచింది ఆది శ్రీనివాసే.

సిరిసిల్ల బస్టాండు దగ్గర ఒక పెద్దాయన నాతో అన్నాడు: "గాయన జర్మనాయననా మనాయననా తేల్చుటానికి గిన్నేండ్లు వట్టిందా తమ్మీ? మా మనుమడు పుట్టి ఇంటర్ల జేరిండు." నాకంటే బాగా చెప్పాడు.

ఆ తీర్పు సరైందేనని నా అభిప్రాయం. చట్టసభలో కూర్చోవాలనుకునేవాడు ఒక్క ఏడాది ఈ గడ్డ మీద ఉండాలనడం పెద్ద కోరిక కాదు. ఎక్కడున్నాడో నిజం చెప్పమనడం అంతకన్నా పెద్ద కోరిక కాదు. నన్ను కుదురుగా ఉండనివ్వనిది వేరే సంగతి. ఎమ్మెల్యే అయ్యేవాడికి పెట్టిన గడియారమే కోడలికీ పెట్టారు మనవాళ్ళు.

చట్టంలో సెక్షన్ 5(1)(సి) చదవండి. భారత పౌరుణ్ణి పెళ్లి చేసుకున్న విదేశీయులు (ఆడైనా మగైనా) ఏడేళ్ళు ఇండియాలో నివాసం ఉంటే రిజిస్ట్రేషన్ ద్వారా పౌరసత్వం అడగొచ్చు. ఏడేళ్ళంటే ఎలా లెక్కేస్తారు? దరఖాస్తుకు సరిగ్గా ముందు పన్నెండు నెలలు ఆసాంతం ఇక్కడే ఉండాలి. దానికి ముందు ఎనిమిదేళ్ళలో మొత్తం ఆరేళ్ళు ఉండాలి. ఆ ఆరేళ్ళు ముక్కలు ముక్కలుగా ఉన్నా ఫర్లేదు, ఆఖరి పన్నెండు నెలలు మాత్రం తెగకూడదు. 2015 సవరణలో ఒక చిన్న కిటికీ తెరిచారు. ప్రత్యేక పరిస్థితులున్నాయని కేంద్రం భావిస్తే, ఆ కారణాలు రాసిపెట్టి, గరిష్ఠంగా 30 రోజులు మాఫీ చేయొచ్చు. చేయొచ్చు అన్నారు, చేయాలి అనలేదు. ప్రోగ్రామర్ భాషలో చెప్పాలంటే ఆరేళ్ళది కౌంటరు, పన్నెండు నెలలది టైమరు. అమ్మకు ఒంట్లో బాగాలేదని మనీలా వెళ్ళి నలభై రోజులు ఉంటే టైమరు సున్నాకొస్తుంది.

మనీలా ఎందుకన్నానంటే, మా మేనత్త కోడలిది ఫిలిప్పీన్స్. మా బావది మెట్‌పల్లి దగ్గర ఊరు. దుబాయ్‌లో ఒక సూపర్ మార్కెట్లో స్టోర్ కీపరుగా చేసేవాడు, ఆవిడ అక్కడే క్యాషియరు. మా అత్త మొదట్లో నెల రోజులు అన్నం మానేసినంత పని చేసి, మనవడు పుట్టాక మెత్తబడింది. సెలవు మూడు వారాలు. ఆ మూడు వారాల్లో వేములవాడ రాజన్న గుడిలో పెళ్లి, కోడె మొక్కు, ఊళ్ళో దావత్ అన్నీ అయిపోయాయి. ఫోటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. చట్టం దృష్టిలో మాత్రం ఆ ఫోటోలకు విలువ లేదు. ఎందుకంటే హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది, ఆవిడ క్యాథలిక్. అంటే ప్రత్యేక వివాహ చట్టం, 1954 కిందికి రావాలి. గుడిలోనో చర్చిలోనో అయిన పెళ్లిని ఆ చట్టం కింద రిజిస్టరు చేసుకోవచ్చు, కానీ అంతకు ముందు 30 రోజులు ఇద్దరూ ఆ జిల్లాలో నివాసం ఉండాలి. దరఖాస్తు ఇచ్చాక మళ్ళీ 30 రోజులు నోటీసు బోర్డు మీద వేలాడాలి, ఎవరికైనా అభ్యంతరం ఉందేమో అని. వెరసి రెండు నెలలు. గల్ఫ్‌లో పనిచేసేవాడికి రెండు నెలల సెలవు ఎవడిస్తాడు? గల్ఫ్ దాకా ఎందుకు, మనకెవడిస్తాడు? డిసెంబరు మూడు వారాల సెలవులో అమెరికా నుంచి పెళ్లికూతుర్ని వెంటబెట్టుకొచ్చే మనవాళ్ళందరూ బోల్తాపడేది ఇక్కడే. నలుగురిలో చేసింది ఒక పెళ్లి, కాగితం కోసం అక్కడ కౌంటీ ఆఫీసులో చేసేది ఇంకోటి. మూడు ముళ్ళు వేసింది ఒక తారీఖు, సర్టిఫికెట్లో ఇంకో తారీఖు. ఆ రెండు తారీఖుల తేడా పాస్‌పోర్టు ఆఫీసులో ప్రశ్నగా తేలినప్పుడు చూడాలి మనవాళ్ళ ముఖాలు.

రిజిస్టరైన పెళ్లి ఎందుకు అంత ముఖ్యమంటే, విదేశీ భార్యకో భర్తకో ఓసీఐ కార్డు రావాలంటే అది రిజిస్టరై ఉండాలి, దరఖాస్తుకు ముందు కనీసం రెండేళ్ళు నిలబడి ఉండాలి. (ఓసీఐ పథకం మొదటి కార్డులు ఇచ్చింది మన హైదరాబాదులోనే, 2006 జనవరి ప్రవాసీ భారతీయ దివస్‌లో. అప్పట్లో పేపర్లన్నీ ద్వంద్వ పౌరసత్వం వచ్చేసిందని రాశాయి. రాలేదు. అది జీవితకాలం చెల్లే వీసా, అంతే.) ఆ రెండేళ్ళూ కోడలు ఎంట్రీ వీసా మీద ఉంటుంది. దాన్ని మార్చుకోకుండా జీతం తీసుకునే ఉద్యోగం కుదరదు. దుబాయ్‌లో పదేళ్ళు సంపాదించిన మనిషి కోరుట్లలో కూర్చుని, కొంగుకు చిల్లర కట్టుకునే అత్తను బస్సు ఛార్జీలకు అడగాలి. మా అత్త దగ్గర్నుంచి ఫోను: "పెండ్లయి మూడేండ్లాయె అల్లుడా, మా కోడలు ఇంకా సుట్టపుదేనా?" అవును అత్తా, సర్కారు లెక్కలో ఇంకా చుట్టమే. ఇప్పుడు ఓసీఐ వచ్చింది కాబట్టి శాశ్వత చుట్టం.

ఆ కార్డుకు ఒక మెలిక ఉంది, ఇది మాత్రం నాకు అస్సలు మింగుడుపడదు. పెళ్లి ఆధారంగా వచ్చిన ఓసీఐని, కోర్టు విడాకులు ఇస్తే ప్రభుత్వం రద్దు చేయొచ్చు. సెక్షన్ 7డి. దొంగ పెళ్ళిళ్ళను ఆపడానికి పెట్టామంటారు, సరే. రెండేళ్ళ పెళ్లికైతే సరే. పదిహేనేళ్ళు కాపురం చేసి, ఇద్దరు పిల్లల్ని ఇక్కడి బడిలో చదివిస్తున్న మనిషికి కూడా అదే రూలా? మొగుడు తాగి కొడితే ఆవిడకు రెండు దారులు: కొట్టించుకుంటూ కార్డు ఉంచుకోవడం, విడాకులు తీసుకుని పిల్లలున్న దేశంలో ఉండే హక్కుకు వేరే దారి వెతుక్కోవడం. ఐదేళ్ళు ఓసీఐగా ఉండి, మళ్ళీ ఆ పన్నెండు నెలలు తెగకుండా ఇక్కడ గడిపితే పౌరసత్వం అడగొచ్చు కదా అని ఒక మిత్రుడు అన్నాడు. అడగొచ్చు. కానీ పౌరసత్వం వస్తే సొంత దేశం పాస్‌పోర్టు మన దగ్గర నడవదు. ముసలి తల్లి ఉన్న దేశానికి వీసా తీసుకుని వెళ్ళాల్సి రావచ్చు. ఏ కూతురు ఒప్పుకుంటుంది?

చట్టం ఎప్పుడూ ఇలాగే ఉండేదా అంటే, లేదు. 1955లో రాసినప్పుడు భారత పౌరుణ్ణి చేసుకున్న 'స్త్రీలు' అని ఉండేది, ఏళ్ళ లెక్క లేదు. విదేశీ అల్లుడు అనే ఊహే లేదు. 1986లో ఆడామగా తేడా తీసేశారు, మంచిదే, తీసేస్తూ ఐదేళ్ళ నివాసం తగిలించారు. తర్వాత అది ఏడేళ్ళయింది. సోనియా గాంధీ 1983లో పౌరసత్వం తీసుకున్నది ఆ పాత రూలు కిందే. ఆవిడ ఎందుకు ఆలస్యం చేసిందని మన డ్రాయింగ్ రూముల్లో ఎన్ని వాదనలు జరిగాయో లెక్కలేదు. చట్టం ఎందుకు బిగుసుకుందని ఒక్క వాదనా నేను వినలేదు.

పిల్లల సంగతి ఇంకా చిక్కు. విదేశంలో పుట్టిన బిడ్డకు తల్లిదండ్రుల్లో ఒకరు భారత పౌరులైతే చాలు (1992 డిసెంబరుకు ముందు తండ్రే అయి ఉండాలి, తల్లి లెక్కలోకి రాదు!). కానీ 2004 డిసెంబరు తర్వాత పుట్టినవాళ్ళకు ఏడాదిలోగా కాన్సులేటులో నమోదు కావాలి, ఇంకో దేశం పాస్‌పోర్టు లేదని రాసివ్వాలి. అంటే పొత్తిళ్ళలో బిడ్డను పెట్టుకుని ఏ దేశమో తేల్చుకోవాలి. మా బావ వాళ్ళు తల్లి దేశం వైపు మొగ్గారు, పిల్లవాడు ఇప్పుడు ఓసీఐ. బడికి పోతున్నాడు, మా అందరికంటే యాసగా "ఏమైందే నానమ్మా" అంటున్నాడు.

వాడు పెద్దయి డాక్టరు కావాలనుకుంటే? ఇది అమెరికా నుంచి పిల్లలతో తిరిగొచ్చిన మనవాళ్ళందరికీ సంబంధించిన సంగతి కాబట్టి కాస్త ఆగి చదవండి. 2021 మార్చి 4న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నీట్, జేఈఈ లాంటి పరీక్షల్లో ఓసీఐ పిల్లలు ఎన్నారై సీట్లకో, అదనపు సీట్లకో మాత్రమే అర్హులు. భారత పౌరులకు కేటాయించిన సీట్లు దక్కవు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఆ తారీఖుకు ముందు కార్డు ఉన్నవాళ్ళకు పాత హక్కులు ఉంటాయంది. తర్వాత కార్డు వచ్చినవాళ్ళకు ఆ ఊరట లేదు. ఎల్‌కేజీ నుంచి ఇక్కడే చదివినా ఫీజు మాత్రం ఎన్నారైదే. పుట్టిన ఊరును బట్టి చదువు ధర. ఇక 18 నిండాక పౌరసత్వం తిరిగి తీసుకోవచ్చులే అని ధీమాగా ఉన్నవాళ్ళు 2024 అక్టోబరు సుప్రీంకోర్టు తీర్పు చూడండి. తల్లిదండ్రులు వేరే దేశం పౌరసత్వం తీసుకోవడం వల్ల సెక్షన్ 9 కింద మనది పోగొట్టుకుంటే, పిల్లలకు సెక్షన్ 8(2) కింద తిరిగి పొందే దారి వర్తించదని తేల్చేసింది.

భూమి గురించి చెప్పకపోతే జగిత్యాల దిక్కు వాళ్ళు నన్ను తిడతారు. ఓసీఐ ఉన్నవాళ్ళు వ్యవసాయ భూమి కొనకూడదు. వారసత్వంగా రావచ్చు, కొనడం కుదరదు. అమెరికా పాస్‌పోర్టు తీసుకున్న అన్న డబ్బు పంపుతాడు, ఊళ్ళో తమ్ముడి పేరు మీద నాలుగెకరాల పసుపు చెలక. పదేళ్ళు బాగానే నడుస్తుంది. తర్వాత తమ్ముడి కొడుకులు పెద్దవాళ్ళవుతారు. అమెరికా వదినెకు చెలక ఎక్కడుందో కూడా తెలియదు, మొగుడు పోతే ఆవిడ దగ్గర ఉండేది వైర్ ట్రాన్స్‌ఫర్ రసీదులు. ఇలాంటివి మా చుట్టాల్లోనే రెండు చూశాను.

మన దేశాన్నే తిడుతున్నానని అనుకోకండి, బయట ఏమీ పూలపాన్పు వేసిలేదు. బ్రిటన్లో భార్యనో భర్తనో తెచ్చుకోవాలంటే 2012 నుంచి ఏడాదికి 18,600 పౌండ్ల ఆదాయం చూపించాల్సి ఉండేది, 2024 ఏప్రిల్లో దాన్ని 29,000 చేశారు. దుబాయ్‌లో కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే జీతం 4,000 దిర్హాములు, వసతి కంపెనీదే అయితే 3,000. సౌదీలో 2017 జూలై నుంచి ఇంట్లో ఒక్కో మనిషికి నెలకు 100 రియాళ్ళు కట్టమన్నారు, ఏటా వంద పెంచుతూ 2020కి 400 చేశారు. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే నెలకు 1,200. అంత జీతం లేక కదా సిరిసిల్ల మగ్గం వదిలి వెళ్ళింది! వీళ్ళు భార్యాభర్తలిద్దరూ భారతీయులే, అయినా సరిహద్దు ఇద్దరి మధ్యలోంచే పోతుంది. కోరుట్ల, రాయికల్ పక్క పల్లెల్లో పెళ్లయి ఇరవై ఏళ్ళయినా కలిసి ఉన్నది సెలవు నెలలన్నీ కూడితే రెండేళ్ళు దాటని జంటలున్నాయి. రూల్స్ గురించి ఎంత రాసినా ఆ లెక్క ముందు నా లాంటి వాడి హెచ్-1బీ కష్టాలు వెలిసిపోతాయి.

హెచ్-1బీ అంటే గుర్తొచ్చింది, నవ్వాలో ఏడవాలో తెలియని ఒకటి చెబుతా. అమెరికా ఉద్యోగ గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికీ ఏడు శాతం మించకూడదని పరిమితి. మన క్యూ ఎంత పొడుగో మీకు చెప్పక్కర్లేదు. కానీ ఆ దేశం అంటే పౌరసత్వం కాదు, పుట్టిన చోటు. పైగా భార్యాభర్తల్లో ఎవరి పుట్టిన దేశం అనుకూలంగా ఉంటే దాన్ని వాడుకోవచ్చు. నాతో పనిచేసిన ఒకాయన భార్య వాళ్ళ నాన్న కువైట్లో గుమాస్తా, ఆవిడ అక్కడే పుట్టింది. చదువంతా కరీంనగర్లో. ఆవిడ పుట్టుక పుణ్యమా అని ఆయన కువైట్ లెక్కలో చేరి, మా అందరికంటే ముందు కార్డు పట్టుకుపోయాడు. ఆవిడకు పౌరసత్వం ఇవ్వని కువైట్, మొగుడికి గ్రీన్ కార్డు ఇప్పించింది. ఇకనుంచి పెళ్లి సంబంధాల్లో నక్షత్రం, గోత్రంతో పాటు పుట్టిన ఆసుపత్రి దేశం కూడా అడగండి :-)

జర్మనీ 2024 జూన్ 27 నుంచి రెండు పౌరసత్వాలు ఉండనిస్తోంది. అయినా మనవాళ్ళకు లాభం లేదు, ఎందుకంటే మన సెక్షన్ 9 ఒప్పుకోదు. మనమూ ఒప్పుకోవాలని నేను అనను. రెండు చోట్ల ఓటు వేసేవాడిని నేను నమ్మను, నన్ను నేనే నమ్మను. నేను అడిగేది చిన్న చిన్నవి. పెళ్లి ద్వారా వచ్చేవాళ్ళకు ఆఖరి పన్నెండు నెలల టైమరు తీసేసి, మొత్తం ఏడేళ్ళను రోజుల కౌంటరుతో లెక్కపెట్టండి. ఇమ్మిగ్రేషన్ స్టాంపులన్నీ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి కదా, కూడిక చేయడానికి ఎంత సేపు? ఇక్కడ పిల్లలున్న తల్లికో తండ్రికో విడాకులతో ఓసీఐ పోదని ఒక్క లైను చేర్చండి. ఇచ్చిన పౌరసత్వాన్ని ప్రశ్నించాలంటే హోం శాఖ తేల్చడానికి ఒక గడువు పెట్టండి, ఏడాదో రెండేళ్ళో. వేములవాడ ఓటర్లు నాలుగుసార్లు ఓటేసిన తర్వాత ఆ ఓట్లు ఎవరికి వేశామో కోర్టు చెప్పాల్సి రావడం వాళ్ళ తప్పు కాదు.

మా బావకు మాత్రం ఇప్పటికి నేను చెప్పింది ఒకటే: ఇద్దరి పాస్‌పోర్టులూ ప్రతి పేజీ స్కాన్ చేసి పెట్టుకో, వచ్చిన తారీఖు, పోయిన తారీఖు ఒక ఎక్సెల్ షీట్లో రాయి, బోర్డింగ్ పాసులు పారేయకు. "పెండ్లి ఆల్బమ్ కంటే గిదే పెద్దగయితుంది బామ్మర్ది" అన్నాడు. ఇప్పటికి 112 వరుసలు వచ్చాయట.